బుస ఎవరి కోసమో చూడు

నాన్నా చిన్నోడా,

నిన్న రాత్రి ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదురా. మీ సీమబాతు కరిచి కోడలి పిక్క మీద కమిలిన మచ్చ ఫొటో పంపావు చూడు, ముందు గుండె గుభేలుమంది, తర్వాత నవ్వొచ్చింది. నవ్వానని తనతో అనకు. నా ఎడమ పిక్క మీదా అలాంటి మచ్చే ఉండేది కొన్నాళ్ళు. పట్టుకుని, మెలిపెట్టి, అప్పుడు వదిలింది కదూ? వాటి ముక్కు అంచుల్లో రంపం పళ్ళలాంటివి ఉంటాయి, నాలుక పక్కల కూడా గరుకే. గడ్డి కోసుకోడానికి దేవుడిచ్చిన కొడవలి అది. పిక్క దొరికినా గడ్డి లాగినట్టే లాగుతుంది.

"ఆ మగదాన్ని ఎవరికైనా ఇచ్చేస్తాను పెద్దమ్మా" అన్నావు. ఇవ్వొచ్చు. అడగ్గానే పట్టుకుపోయి కూర వండుకునేవాళ్ళు నలుగురుంటారు. కానీ ఒక్క నెల ఓపిక పట్టు. నువ్వడిగింది దాని కోపం తగ్గించే ఉపాయం. ఇన్నేళ్ళు వాటితో వేగి నేను తెలుసుకున్నదేమిటంటే, ఆ కోపాన్నీ, అవి ఒకదానికొకటి అతుక్కుపోయే తీరునీ విడదీయలేం. రెండూ ఒకే వేరు. అది బుస కొట్టిందంటే దాని వెనకాల ఎవరో ఉన్నారు. ఆ ఎవరో ముందు కనిపెట్టు.

రేపు సాయంత్రం ఓ పని చెయ్యి. కుర్చీ తీసుకెళ్ళి నీళ్ళ తొట్టికి ఇరవై అడుగుల దూరంలో కూర్చో. సెల్లు ఇంట్లో పెట్టెయ్. పక్క తోట కుక్క కంచె దగ్గరికి రావడమో, పాలబ్బాయి సైకిలు దిగడమో, ఏదో ఒకటి జరుగుతుంది. మగది మెడ నేలకి ఆనించినంత కిందకి దించి, సూదిలా సాచి పరిగెడుతుంది. నోట్లోంచి బుస తప్ప అరుపు రాదు. మెడ ఈకలు వరసలు వరసలుగా వణుకుతాయి. కుక్క వెనక్కి తగ్గగానే ఇది గిరుక్కున తిరిగి, రెక్కలు సగం విప్పుకుని తన ఆడదాని దగ్గరికి ఉరుకుతుంది. అసలు చూడాల్సింది అప్పుడు. మళ్ళీ మెడ అలాగే సాచుతుంది, కానీ ఆడదానికి సూటిగా కాదు, దాని చెవి పక్కనుంచి కాస్త వాలుగా. రెండూ కలిసి ఊరు లేచిపోయేలా అరుస్తాయి. పిల్లలుంటే అవీ వచ్చి సందులోంచి సన్నటి మెడలు దూరుస్తాయి. కోర్టులో గెలిచొచ్చి గుమ్మంలోనే పెళ్ళానికి కథంతా చెప్పే మొగుడిలా ఉంటుంది దాని వాలకం.

మీ పెదనాన్న కాలేజీలో జువాలజీ చెప్పేవారు కదా, దీనికి పేరుందని ఆయనే చెప్పారు. ఆస్ట్రియాలో కొన్రాడ్ లోరెంజ్ అని ఒకాయన బూడిదరంగు అడవి సీమబాతులతో జీవితమంతా గడిపాడు. 1973లో ఆయనకీ, మరిద్దరికీ కలిపి నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఈ అరుపుల తంతుని ఆయన విజయఘోష అన్నాడు. వాటి కాపురాన్ని నిలబెట్టేది గుడ్లూ గూడూ కన్నా ఈ ఘోషేనని ఆయన లెక్క. 1963లో కోపం గురించి ఓ పుస్తకమే రాశాడు, అందులో ఈ బాతుల సంగతి బోలెడు. పెదనాన్న లైబ్రరీ నుంచి తెచ్చి, రాత్రి భోజనాలయ్యాక నాకు తెలుగులో చెప్పేవారు. నేను మర్నాడు పెరట్లోకెళ్ళి సరిచూసుకునేదాన్ని. శత్రువు లేకపోయినా సరే, బోర్లించిన బకెట్టు మీదకో, గాలికి కొట్టుకునే పట్టా మీదకో ఉరికి, గెలిచానని చెప్పుకోడానికి వెనక్కొచ్చేది మా మగది. ఇంటావిడకి చెప్పుకోడానికి ఓ కథ కావాలి దానికి.

అందుకే సూటిగా వచ్చే మెడకీ, వాలుగా వచ్చే మెడకీ తేడా ముందు నేర్చుకో. కోడలికీ నేర్పు. అరుస్తూ వాలుగా వస్తే పలకరింపు. అరవకుండా సూటిగా వస్తే నువ్వు పరాయివాడివి.

ఇవే మన కవుల హంసలంటే నవ్వుతావేమో. హంస, లాటిన్‌లో ఆన్సెర్, జర్మన్‌లో గాన్స్, ఇంగ్లీషులో గూస్, అన్నీ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలట. హిమాలయాలు దాటి చలికాలానికి మన దేశపు చెరువుల మీద దిగే, తల మీద రెండు నల్ల చారలుండే బాతు ఉంది చూడు, పాతవాళ్ళు హంస అన్నది దాన్నేనని చాలామంది పండితుల మాట. నైషధంలో దమయంతికి నలుడి కబురు మోసుకొచ్చింది అలాంటిదే అయ్యుంటుంది. దమయంతి పిక్క సంగతి మాత్రం కవులు రాయలేదు.

సరే, నీ మందలోకి వద్దాం. నాలుగు సీమబాతులు, పదో పన్నెండో మామూలు బాతులు, కోళ్ళు, రెండు టర్కీలు, అంతేనా? సంతలో వాడు "రెండు జతలు సార్" అని అంటగట్టాడన్నావు. నాకక్కడే అనుమానం. పిల్లలప్పుడు ఆడా మగా చెప్పడం చెయ్యి తిరిగినవాళ్ళకి తప్ప కుదరదు. నీవాటికి ముక్కు మొదట్లో బొడిపె ఉంది కాబట్టి చైనా రకం. వాటిలో పెద్దయ్యాక మగదాని బొడిపె పెద్దది. అంతకన్నా నమ్మకమైన గుర్తు గొంతు. మనకి తలకిందులుగా అనిపిస్తుంది గానీ, మగదాని అరుపు సన్నగా, కీచుగా ఉంటుంది. ఆడదాని గొంతు మోటు. గోడ చాటున నిలబడి ఒక్కోటీ విను. అప్పటికీ తేలకపోతే పశువుల డాక్టర్ని పిలిచి చూపించు. నాలుగింట్లో మూడు మగవైతే మాత్రం నీ గొడవకి మందు నా దగ్గర లేదు. ఆ రకంలో ఒక మగదానికి నాలుగైదు ఆడవి ఉన్నా ఫర్వాలేదు గానీ, ఆ లెక్క తిరగబడితే రోజూ రణమే. ఒక్కోసారి రెండు మగవే జంటకట్టి, కలిసి ఘోష పెట్టుకుంటూ తిరుగుతాయి. లోరెంజ్ బాతుల్లోనూ అలాంటివి ఉండేవట. మందలో వాటి ముందు మిగతావి కిక్కురుమనవు. వాటి జోలికి వెళ్ళకు, వాటి కాపురం వాటిది.

ఆ లెక్క తేలాక నీ మగది ఎవరికి కాపలా కాస్తోందో చూడు. కోడలు గడ్డిమోపు వెనక్కి వెళ్తున్నప్పుడే కరిచిందన్నావు కదా. నా పందెం, ఆ మోపు వెనకాల గూడుంది. గడ్డిపుల్లలూ, ఒంటి నూగూ పరిచి ఆడది గుడ్లు పెట్టుకునుంటుంది. పొదుగుకి కూర్చుంటే ముప్పై రోజులు, ఓ రోజు అటూ ఇటూ. అన్నాళ్ళూ మగది మొగుడు, పోలీసు, పిచ్చోడు అన్నీను. గూటి చుట్టూ పదిహేనడుగులు వదిలి చేపల వల కట్టు. కోళ్ళూ బాతులూ అటు పోకుండా మేత ఇవతలి వైపు వెయ్యి. పిల్లలు లేచి నెలా రెండు నెలలు గడిచాక సగం కోపం దానంతటదే చల్లారుతుంది. గుడ్లు వద్దనుకుంటే మొదట్లోనే తీసెయ్, కూర్చున్న తర్వాత తీసి దాని ఉసురు పోసుకోకు.

ఇక మీదకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను, ఇది కోడలి చేత చదివించు. పరిగెత్తకూడదు. వీపు చూపించకూడదు. నువ్వు పరిగెడితే అది గెలిచినట్టు, వెళ్ళి ఇంటావిడకి చెప్పుకుంటుంది, రేపట్నుంచి నువ్వే దాని బకెట్టు. నిలబడు, చేతులు రెండూ చాచు, ఒక్కడుగు ముందుకే వెయ్యి. కొల్లేటి వైపు వరి కోతలయ్యాక బాతుల మందలు తోలేవాళ్ళు పొడుగాటి వెదురుకర్రకి గుడ్డపీలిక కట్టి పట్టుకుంటారు చూశావా, అలాంటిది ఒకటి గేటు దగ్గర పెట్టు. కొట్టడానికి కాదు, నీ చెయ్యి పొడుగు చెయ్యడానికి. అది అడ్డం పెడితే చాలు, పక్కకి మళ్ళుతుంది. అప్పటికీ దూకితే తల వెనకగా మెడ మెత్తగా పట్టి, రెండో చేత్తో రెక్కలు ఒంటికి అదిమి, చంకలో పెట్టుకో. తల వెనక్కి ఉండాలి, ముఖం జాగ్రత్త. అలా చంకలో పెట్టుకునే పది నిమిషాలు నీ పని నువ్వు చేసుకో, మొక్కలకి నీళ్ళు పెట్టుకో. తన మందంతా చూస్తుండగా ఊరేగించి దించితే దాని గీర కొంత దిగుతుంది. తన్నడం, రాయి విసరడం మాత్రం వద్దు. ఒకప్పుడు నేను చీపురు తిరగేసి ఒక్కటిచ్చాను. ఏడాదిపాటు ఆ మగది నా చేతిలో చీపురు చూస్తే చాలు, వీధి గుమ్మం దాకా తరిమేది. వాకిలి ఊడ్చే పని మీ పెదనాన్నకి పడింది.

పాప విషయంలో మాత్రం ఉపాయాలేమీ లేవు. దాని రెక్క మడత దగ్గర గట్టి ఎముక ముడి ఉంటుంది, దాంతో కొడితే పెద్దవాళ్ళకే చెయ్యి కమిలిపోతుంది. మూడేళ్ళ పిల్ల కళ్ళు సరిగ్గా దాని ముక్కు ఎత్తున ఉంటాయి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పాప కంచెలోపలికి వెళ్ళకూడదు, అంతే. గుడ్ల కాలం కాకపోయినా అది పాప మీదకి వస్తుంటే, అప్పుడు ఎవరికైనా ఇచ్చెయ్. నేను అడ్డు చెప్పను.

కోళ్ళూ బాతులతో కలిపి ఉంచడం అంటావా, పగలు ఒక చోట తిరగనియ్, రాత్రి ఒక గూట్లో పెట్టకు. సీమబాతులు కొట్టేది ఎక్కువగా ఇరుకులోనే. మేత ఒకే పళ్ళెంలో పోస్తే పెద్దది దాని ముందు కాపురం పెడుతుంది. నాలుగైదు పళ్ళేలు, ఒక దాని దగ్గర నిలబడితే ఇంకోటి కనపడనంత దూరంలో పెట్టు. నీళ్ళ తొట్లూ అంతే. షెడ్డుకి ఒకే తలుపుంటే రెండోది కొట్టించు. మూలకి చిక్కిన బాతే చచ్చేది, పారిపోడానికి దారున్నది తోక ఈకలు రెండు పోగొట్టుకుని బతికిపోతుంది. తొట్టి చుట్టూ బురద కాకుండా ఇసక పొయ్యి, బాతులు చేసే తడికి కోడిపిల్లలు రక్తవిరేచనాలు తెచ్చుకుంటాయి. ఇంకోటి, అందరూ సీమబాతుల్నే అంటారు గానీ కోడిపెట్టలకి అసలు ప్రమాదం మామూలు మగబాతులతో. వాటి ఒంటి అమరిక పుంజుది లాంటిది కాదు, పెట్టల మీద ఎక్కితే లోపల గాయాలవుతాయి. పన్నెండింట్లో మగవి రెండుకి మించి ఉంచకు.

పిల్లలు లేస్తే కోడిపిల్లల మేతే పెట్టేస్తానంటావేమో. మందు కలిపినది వద్దు. మామూలుదైనా బాతుపిల్లలకి అందులో నియాసిన్ చాలదు, కాళ్ళు వంకర పోతాయి. ఈస్ట్ పొడి కాస్త కలుపు, గడ్డి దండిగా పెట్టు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. మీ అమ్మకి తెలుసు ఈ కథ, నవ్వుతుంది.

ఓ ఏడాది ముంగిస పడి తల్లినీ, పిల్లల్నీ చంపేసింది. ఒక్కటి మిగిలింది, గుడ్డులోంచి బయటికొచ్చి ఒక రోజైనా కాలేదు. బియ్యం చాటలో పాత పంచె పరిచి వంటింట్లో పెట్టుకున్నాను. వాటికి ఆ మొదటి ఒకటి రెండు రోజుల్లో కళ్ళ ముందు కదిలేదే అమ్మ, అది మన చీరకుచ్చిళ్ళైనా సరే. లోరెంజ్ వెనక బాతుపిల్లలు వరసగా నడిచే ఫొటోలు నువ్వూ చూసుంటావు. నాకూ అదే ముచ్చట. నేను పప్పు రుబ్బుతుంటే కాళ్ళ మీద పడుకునేది. నూతి దగ్గరికి వెళితే వెనకాలే, పేరంటానికి వెళితే వీధి చివరిదాకా. ఏడాది దాటి ఒళ్ళు ముదిరాక మొదలైంది. ముందు పాలవాణ్ణి కరిచింది. తర్వాత చాకలామెని. ఆ తర్వాత మీ పెదనాన్న నా పక్కన మంచం మీద కూర్చుంటే చాలు, బుస. పొగరెక్కిందన్నారు అందరూ. దానికి పొగరెక్కలేదురా, నన్ను కాపలా కాస్తోంది. వాళ్ళని తరిమేసి నా దగ్గరికొచ్చి మెడ వాలుగా చాచి అరిచేది, నేనూ అరవాలని నా ముఖం వైపు చూసేది. ఏం అరవను చెప్పు? అలా చూసినప్పుడు నాకు ఏడుపొచ్చేది. మనిషంటే భయం లేకుండా పెంచిన మగదానికి మనిషి అయితే పెళ్ళాం, లేకపోతే పోటీదారు. మధ్యలో ఇంకేం ఉండదు.

దాన్ని దారిలో పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. రెండు ఆడ సీమబాతుల్ని తెచ్చి, జాలీ కంచెకి అవతల ఉంచాను. చూపు ఉండాలి, ముక్కు తగలకూడదు. నేను ఆ పక్కకి పోవడం తగ్గించాను, మేత కూడా పనమ్మాయి చేత వేయించాను. నాలుగో నెలలో ఒకరోజు కంచె దగ్గర నిలబడి అది వాటికేసి మెడ వాలుగా చాచడం కిటికీలోంచి చూశాను. ఆ సాయంత్రమే కంచె తీయించాను. తర్వాత నన్ను చూస్తే తల తిప్పుకునేది. బాధేసిందనుకో, అయినా అదే మంచిది.

కాబట్టి ఒంటరి పిల్లని ఎప్పుడూ పెంచకు, కనీసం రెండు. కోడి కింద సీమబాతు గుడ్లు పెట్టి పొదిగించినా ఇదే తంటా, పెద్దయ్యాక కోళ్ళ వెంట పడతాయి. పైగా కోడి లెక్క ఇరవయ్యొక్క రోజులు, ఆ పైన లేచిపోయినా లేచిపోతుంది.

కొత్తవి తెస్తే నేను చేసిన కంచె పద్ధతే చెయ్యి. దానికంటే ముందు ఓ మూడు నాలుగు వారాలు తోటలో అవతలి కొసన వేరుగా పెట్టు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్‌ఫ్లూ ఎలా పట్టిందో చూశాం కదా. బాతులకి ఆ పురుగు ఉన్నా ఒక్కోసారి పైకి ఏమీ తెలీదు, పక్కనున్న కోళ్ళు రాలిపోతాయి. ఒక్కసారిగా నాలుగైదు చస్తే చేత్తో ముట్టుకోకుండా పశువుల డాక్టరుకి కబురు చెయ్యి. ఆ వారాలు దాటాకే జాలీ పక్కకి తే. తెచ్చేది జతగా తే. ఒక్కదాన్ని తెచ్చి మందలో వదలడం కొత్తకోడల్ని పెళ్ళిరోజే వదిలేసి మొగుడు క్యాంపుకి పోయినట్టు ఉంటుంది.

జబ్బు చేసినా జంటలో ఒకదాన్నే తీయకు. మా పెద్ద మగదానికి అరికాలు వాచి కట్టు కడితే, నేను తెలివైనదాన్నని పన్నెండు రోజులు వెనక కొట్లో ఒంటరిగా పెట్టాను. తిరిగి వదిలేసరికి చిన్న మగది గద్దెక్కి కూర్చుంది. రొమ్ముకి రొమ్ము ఆనించి, మెడ మొదలు పట్టుకుని, రెక్కలతో బాదుకుంటుంటే బట్టలుతికిన చప్పుడు. మామూలుగా నేను వాటి కొట్లాటలో వేలు పెట్టను, రెండు మూడు నిమిషాల్లో ఒకటి తోక చూపిస్తుంది, అయిపోతుంది. ఆ రోజు నెత్తురొచ్చింది, ఓడినదాన్ని పోనివ్వలేదు కూడా. మధ్యలో తడక అడ్డం పెట్టి విడదీశాం. జబ్బుదాన్ని తీస్తే జతని కూడా తీసి పక్కనే ఉంచు, లేదా మంద మధ్యలోనే జాలీ కట్టి అందులో పెట్టు, అందరికీ కనపడుతూ ఉంటుంది.

ఒకటి చచ్చిపోతే రెండోది నోరు కట్టేసుకుంటుంది. రోజుల తరబడి పిలుస్తుంది. అప్పుడది ఎవరినీ కరవదు, చిన్న బాతులు పొడిచినా పడుంటుంది. నీ మగది బుస కొడుతోందంటే దాని ఇల్లు నిండుగా ఉందన్నమాట, ఆ మాట కోడలికి చెప్పు. అవి ఇరవై ఏళ్ళు పైబడి బతకగలవు రా. పాప పెళ్ళికి కూడా ఉంటుందేమో ఈ గడుగ్గాయి.

వచ్చే నెల పదో తారీఖు తర్వాత వస్తాను. కోడలికి పసుపు రాయమను, పుండయితే మాత్రం డాక్టరుకి చూపించి టీటీ ఇంజెక్షను చేయించు. గడ్డిమోపు వెనకాల చూసి గూడుందో లేదో ఫోను చెయ్యి, నా పందెం తేలాలి. నేనొచ్చినప్పుడు గేటు దగ్గర అది నా మీదకి వస్తుంది, ఖాయం. ఎవరూ పరుగెత్తుకు రావద్దు. నేను నిలబడతాను. కొత్త చీర మాత్రం కట్టుకు రాను.

మీ పెద్దమ్మ